పాత గోడకు కొత్త స్లాబు

ఉత్తర తెలంగాణ గడీ అంటే దొర ఇల్లు, కచేరీ, ధాన్యపు కొట్టు ఒకే ప్రహరీలో ఉన్న కట్టడం. నడుమ వాకిలి, చుట్టూ టేకు కంబాల మీద సాయబాన్లు, డంగు సున్నంతో కట్టిన మందపాటి గోడలు. దొరల పెత్తనం మీద రైతు కూలీలు కదిలిన 1978 జగిత్యాల జైత్రయాత్ర తర్వాతి ఏళ్లలో కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల దొరలు చాలామంది గడీలకు తాళాలేసి పట్నం చేరారు. ఖాళీ పడిన వాటిలో కొన్నింట బళ్లు, ఠాణాలు, సర్కారు ఆఫీసులు నడిచాయి. ఆర్కిటెక్టు ఊసే లేని పునర్వినియోగం అది.

గడీలను కూలగొట్టినవాళ్లు సరే, బాగుచేయబోయి పాడుచేసినవాళ్లూ తక్కువేం లేరు. డంగు సున్నమంటే ఇసుక, సున్నం కలిపి గానుగలో రాతిచక్రం కింద రోజుల తరబడి నూరినది; కరక్కాయ నీళ్లు, బెల్లం అందులో పడేవి. ఆ గోడ వానాకాలం చెమ్మ పీల్చి ఎండకు వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది. లోపలే ఉప్పు పేరుకుని గచ్చు పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. అంతకన్నా ప్రమాదం దూలాల కొసలకు. పైకి నున్నగా కనిపించే గోడలోనే, దూలం దిగినచోట స్క్రూడ్రైవరుతో పొడిస్తే టేకు పొట్టులా రాలుతుంది.

కొత్తగా చేర్చేది పాతదానిలా నటించకూడదనీ, తన కాలపు గుర్తు మోయాలనీ పాత కట్టడాల పరిరక్షణపై 1964 నాటి వెనిస్ చార్టర్ నియమం. దాన్ని ఆచరణలో చూడాలంటే ఇటలీలోని వెరోనా కోట చాలు. అక్కడి మ్యూజియంలో ఆర్కిటెక్టు కార్లో స్కార్పా పరిచిన నేల గోడను తాకదు. చుట్టూ సన్నటి సందు వదిలి ఆగిపోతుంది. పాత గోడ ఎక్కడ అయిపోయిందో చూసినవాడికి ఇట్టే తెలుస్తుంది.

గడీని గ్రంథాలయం చేయాలన్నా ఇదే పద్ధతి పనికొస్తుంది. పుస్తకాల బరువు మేడమీది చెక్కనేలకు తగలకుండా బీరువాలు కింది అర్రల్లో ఉండాలి. మేడకు కొత్త మెట్లు కావాలంటే, రేపు విప్పి తీసేయగల ఉక్కు మెట్లు. నీటి పైపు ఒక్కటి కారినా సున్నపు గోడకు చేటే కాబట్టి మరుగుదొడ్లు పాత కట్టడానికి దూరంగా, విడిగా.

కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను సంస్థానాధీశుల వంశీకులే పూనుకుని బాగుచేయించారు. సంప్రదాయ సామగ్రితో సాగిన ఆ పనికి ఆర్కిటెక్టు అనురాధా నాయక్. 2022లో కోటకు యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. వారసులు ఊళ్లోనే లేని గడీల సంగతి వేరు. వాటికి ఏ పని తగిలితే మరమ్మతు ఖర్చు ఆ పనే భరించాలి.

ఫంక్షన్ హాలుగా మార్చడం అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా పేలవం: ఎక్కడ ఏం జరిగిందో అందులో చెరిగిపోతుంది. వెట్టికి పిలిచినవాళ్లు నిలబడ్డ వాకిలి, ధాన్యం కొలిచిన అర్ర, కచేరీ అరుగు ఎక్కడెక్కడో ఊరి పెద్దమనుషులకు ఇంకా తెలుసు. పని మొదలుకాకముందు తీసే కొలతల డ్రాయింగులో ఆ పేర్లు ఎక్కాలి; గోడలు కదిలాక చూపించి చెప్పడానికి చోటే మిగలదు.