పలక కప్పు, పెంకు కప్పు: ఏది ఎవరింటికి?

ఇంటి కప్పు మార్చాల్సి వచ్చినప్పుడు నలుగురూ అడిగే మొదటి మాట, ఏది ఎక్కువ కాలం మన్నుతుందని. ఆ ఒక్క మాటతో తీర్పు చెప్పేస్తే పలక రాయి ముందు మట్టి పెంకు నిలబడదు. ఉత్తర వేల్స్‌లోని పెన్రిన్, డినోర్విగ్ గనుల్లో చీల్చిన పలకలు విక్టోరియా రాణి కాలంలో ఎక్కిన కప్పుల మీద ఇంకా ఉన్నాయి. పలకలకు తరగతులు కట్టే అమెరికన్ ప్రమాణం మొదటి తరగతి పలకకు 75 ఏళ్ళ పైచిలుకు ఆయుష్షు రాసింది. మట్టి పెంకుకు అంత పూచీ అరుదు. అయినా ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవడానికి ఆయుష్షు సరైన కొలత కాదని నా వాదన. కప్పంటే పలకో పెంకో మాత్రమే కాదు కదా. దాని కిందున్న రీపరు, దాన్ని పట్టుకున్న మేకు, ఆ ఊరి ఎండ, వాన, చలి, పాడైన రోజు పైకెక్కి బాగుచేసే మనిషి, వీటన్నిటి పొందిక మీద కప్పు నిలుస్తుంది.

ముందు నీళ్ళ సంగతి చూద్దాం. ఈ రెండు వస్తువుల స్వభావం అక్కడే బయటపడుతుంది. పలక రాయి ఒకప్పటి బురదే. భూమి అడుగున కోట్ల ఏళ్ళ ఒత్తిడికి, వేడికి గట్టిపడి, పొరలు పొరలుగా చీలే గుణం తెచ్చుకుంది. మేలురకం పలక నీళ్ళలో వేసినా తన బరువులో 0.25 శాతం కూడా పీల్చుకోదు. మట్టి పెంకు అలా కాదు, తాగుతుంది. కాలింది చాలకపోతే తన బరువులో పదో వంతుకు మించి తాగుతుంది. చలిదేశంలో ఈ తాగుడే దాని ప్రాణం తీస్తుంది. లోపలికి పోయిన నీరు రాత్రి గడ్డకట్టి ఉబ్బుతుంది, పెంకు పైపొర పెచ్చులుగా లేస్తుంది. బాగా కాల్చిన పెంకు మంచును తట్టుకోగలదు గానీ నాసిరకానిది కొన్ని శీతాకాలాలకే రాలిపోతుంది. అదే పెంకు గోదావరి జిల్లాల్లో ఉంటే? ఇక్కడ నీరు గడ్డకట్టే రాత్రి లేనేలేదు. జూన్‌లో జల్లు పడి వెలిసి ఎండ కాసిందంటే, పెంకు తాగిన నీరు ఆవిరైపోతూ ఇంటి వేడిని తీసుకుపోతుంది. అక్కడ లోపమైనది ఇక్కడ గుణమైంది. ఏప్రిల్, మే నెలల్లో ఆవిరి కావడానికి నీళ్ళెక్కడివని అడగొచ్చు. నిజమే. అప్పుడు కాపాడేవి పెంకుకూ పెంకుకూ మధ్య సందులు. అటకలో పోగైన వేడిగాలి వాటిలోంచి పైకి పోతుంది. పలకలు ఒకదాన్నొకటి అంటుకుని కూర్చుంటాయి, రంగు ముదురు, కాబట్టి ఎండను పట్టుకుని దాచుకుంటాయి. మన ఎండలకు కిందొక మంచి సీలింగు, గాలి దారి లేకపోతే పలక కప్పు కింద పగలు కూర్చోవడం కష్టం.

ఇక రిపేరు. ఈ విషయం మీద నేను ఎక్కువసేపు నిలుస్తాను, ఎందుకంటే కొనేటప్పుడు దీన్ని ఎవరూ అడగరు.

పలకల కప్పులో కంటికి కనిపించేది సగం కంటే తక్కువ. 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు ఉన్న పలకను బ్రిటన్ పనివాళ్ళు కౌంటెస్ అంటారు. దాన్ని మామూలుగా మూడంగుళాల అతివ్యాప్తితో పరిస్తే బయటికి కనిపించేది ఎనిమిదిన్నర అంగుళాలే. తక్కినదంతా పై వరస కింద దాగి ఉంటుంది, మేకులు కూడా ఆ దాగిన భాగంలోనే ఉంటాయి. కాబట్టి మధ్యలో ఒక పలక పగిలితే దాని మేకు చేతికందదు. రిప్పర్ అనే పొడవాటి, పలచటి ఇనుప పట్టీని పై పలకల సందులోంచి దూర్చి, దాని కొసనున్న కొక్కేన్ని మేకుకు తగిలించి, సుత్తితో కొట్టి మేకును తెంపి లాగాలి. తర్వాత కొత్త పలకను లోపలికి తోస్తారు గానీ దానికి మళ్ళీ మేకు కొట్టే చోటుండదు. సీసపు పట్టీనో రాగి పట్టీనో ముందే రీపరుకు బిగించి, కొత్త పలక దిగాక దాని కొసను పైకి మడిచి ఆపుతారు. ఈ పనికి చెయ్యి తిరిగినవాడు కావాలి. పొరపాటున కాలు పెట్టాడా, ఒకటి బాగుచేయబోయి నాలుగు పగలగొడతాడు.

మంగళూరు పెంకు మార్చడం చూడండి. ఈ పెంకుకు నాలుగు పక్కలా గాడులు, గట్లు ఉంటాయి, ఒకదాని గట్టు ఇంకొకదాని గాడిలో కూర్చుంటుంది. ఈ రకం పెంకును 1841 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని ఆల్సేస్‌లో జిలార్డొని సోదరులు రూపొందించారు. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ ప్రచార సంస్థకు చెందిన జార్జ్ ప్లెబ్‌స్ట్ 1865లో మంగళూరు దగ్గర జెప్పులో ఫ్యాక్టరీ పెట్టి, నేత్రావతి ఒడ్డు బంకమన్నుతో దాన్ని మన దేశపు పెంకుగా మార్చాడు. కింది వైపు చూస్తే రెండు బుడిపెలు కనిపిస్తాయి. అవి రీపరుకు తగులుకుని పెంకును జారనివ్వవు. మేకు లేదు, సున్నం లేదు. పగిలినదాన్ని మార్చాలంటే పై వరస పెంకును అరచేత్తో కాస్త ఎత్తి, పగిలినది లాగేసి, కొత్తది తోసి, పైదాన్ని దించడమే. అటకెక్కగలిగితే లోపల్నుంచే అయిపోతుంది. వాన పడుతుండగా కూడా చేసుకోగలిగిన పని అది. పాత గూన పెంకుకైతే ఈ గాడి కూడా లేదు. ఏటా తొలకరి ముందు మనిషిని పెట్టి సర్దించాల్సిందే, కోతి దూకినా పిల్లి నడిచినా కదులుతుంది. గూన పెంకు మీద నాకు మమకారం ఉంది, కుమ్మరి చక్రం మీద పుట్టిన వస్తువది. కానీ ఈ రోజు కొత్తగా కప్పు వేయించేవాళ్ళకు దాన్ని సిఫారసు చేయలేను. సర్దే మనుషులు దాదాపు లేరు.

ఈ పోలికలో తేలేదేమిటంటే, పలక మన్నిక రాయిలో ఉంది, పెంకు మన్నిక మార్పిడిలో ఉంది. పలక కప్పు ఎక్కువ సార్లు చెడేది పలక వల్ల కాదు, మేకు వల్ల. ఇనుప మేకు తుప్పు పట్టి తెగుతుంది, చెక్కుచెదరని రాయి జారి కిందపడుతుంది. అందుకే తెలిసినవాళ్ళు రాగి మేకులు వాడతారు. పలకలోనూ నాసిరకం ఉంది. పైరైట్ కణాలున్న రాయి తుప్పు చారలు కారుస్తుంది, సున్నపు పాలు ఎక్కువున్న రాయి నగరాల ఆమ్ల వానకు మెత్తబడి పొరలు విడుతుంది. వేలి కణుపుతో తట్టి చూస్తే మంచి పలక ఖంగుమంటుంది, లోపల పగులున్నది మొద్దుగా పలుకుతుంది. పెంకుకూ ఇదే పరీక్ష.

బరువు దగ్గర చాలామంది అంచనా తలకిందులవుతుంది. రాయి కాబట్టి పలక బరువని, మట్టి కాబట్టి పెంకు తేలికని అనుకుంటారు. ఐదారు మిల్లీమీటర్ల వేల్స్ పలక రెండు పొరలుగా పరిచినా చదరపు మీటరుకు 30 కిలోల చుట్టుపక్కలే. మంగళూరు పెంకు 40 దాకా వస్తుంది. కాంక్రీటు పెంకు 45 నుంచి 50. బ్రిటన్‌లో దీనివల్ల జరిగిన నష్టం మనవాళ్ళు తెలుసుకోవాలి, ఎందుకంటే తూర్పు లండన్ వంటి చోట్ల తెలుగు కుటుంబాలు కొనుక్కుంటున్న ఇళ్ళలో విక్టోరియా కాలపు వరస ఇళ్ళు చాలా ఉన్నాయి. వాటి వాసాలు పలక బరువును లెక్కలో పెట్టుకుని వేసినవి. 1960ల నుంచి చాలా ఇళ్ళకు పలకలు తీసేసి చవకగా దొరికే కాంక్రీటు పెంకులు ఎక్కించారు. కింద వాసాలను బలపరచని చోట కప్పు నడుము వంగింది. వీధి చివర నిలబడి చూస్తే కొప్పు గీత తిన్నగా ఉన్న ఇల్లేదో, కుంగిన ఇల్లేదో తెలిసిపోతుంది. కొత్త కప్పు బరువు పాతదానికంటే 15 శాతానికి మించి పెరిగితే కట్టడం బలం లెక్క చూడాలని ఇప్పుడు ఇంగ్లండ్ భవన నిబంధనల మార్గదర్శకాల్లో ఉంది. పలక ఉన్న ఇంటికి పెంకు మార్చబోయేవాళ్ళు ముందు అడగాల్సింది ధర కాదు, ఈ లెక్క.

బరువు గొడవ హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలోనూ ఉంది. ధర్మశాల దగ్గర ఖనియారా పలకలు అక్కడి ఇళ్ళ కప్పు. 1905 ఏప్రిల్ 4న వచ్చిన భూకంపంలో 20 వేల మంది దాకా చనిపోయారు. పచ్చి ఇటుక గోడల మీద పలక కప్పు ఎంత ప్రమాదమో ఆ రోజు తెలిసింది. గోడ గట్టిదై, కప్పు గోడకు కట్టుబడి ఉంటే తప్ప భూకంపాల చోట ఏ బరువు కప్పయినా శత్రువే. ఈ మాట పెంకుకూ వర్తిస్తుంది.

మన దగ్గరికి వద్దాం. పలక రాయి మనకు కొత్తేం కాదు. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దని తరం ఆంధ్రదేశంలో అరుదు. ఆ రాయి మన పిల్లల ఒళ్ళో కూర్చుంది, విదేశాలకు నేల పరుపుగా, గోడ అలంకారంగా వెళ్ళింది, ఇక్కడి ఇంటి కప్పుకు మాత్రం పెద్దగా ఎక్కలేదు. రాతికప్పు అంటే మనకు వాలు కప్పు కాదు, రాయలసీమ మిద్దె. దూలాల మీద నాపరాళ్ళు పరిచి, పైన చౌడు మన్ను దట్టించిన చదును కప్పు. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న నేలకు తగిన తెలివి అది. వాన ఎక్కువున్న కోస్తాకు తాటాకు, పెంకు వాలు కప్పులయ్యాయి.

మన గాలివానల విషయంలో మాత్రం పలకకు మార్కులు వేయక తప్పదు. ప్రతి పలకా మేకుతో బిగించి ఉంటుంది, మంగళూరు పెంకు తన బరువుతోనే కూర్చుంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు వచ్చినటువంటి గాలికి చూరు పెంకు మొదట లేస్తుంది, ఆ సందులోంచి గాలి దూరి తక్కినవాటిని లేపుతుంది. చూరు వరసను, పక్క అంచులను, మధ్యలో కొన్ని వరసలను జీఐ తీగతో రీపరుకు కట్టించుకోవాలి. మంచి పెంకుకు తీగ కోసం వెనక చిన్న కన్నం ఉంటుంది. ఆ ఖర్చు దగ్గర పిసినారితనం పనికిరాదు. ఇక కోతులు. తెలంగాణ పల్లెల్లో పెంకుటింటివాళ్ళను రేకులకు తరిమింది చాలావరకు కోతులే. తిండి వెతుక్కుంటూ పెంకులు పీకి విసిరేస్తే పేదవాడు ఎన్నిసార్లు కొంటాడు? దీనికి పెంకులో జవాబు లేదు, అడవిలో ఉంది.

పలక, పెంకు రెంటి వెనకా ఒక మూల్యం ఉంది. పలక తిన్నది మనుషుల ఊపిరిని. పెన్రిన్ గనిలో 1900 నుంచి 1903 దాకా మూడేళ్ళు సమ్మె సాగింది. పలక దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన వేల్స్ కార్మికుల్లో చాలామందికి 1979లో చట్టం వచ్చాక గానీ పరిహారం అందలేదు. మన మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో పలక బలపాల పనిలో సిలికోసిస్‌తో ఎందరో నేలకొరిగారు. పెంకు తన వంతుగా చెరువుల బంకమన్నును, బట్టీల్లో కట్టెను తింది. మన్ను దొరక్క మంగళూరు తీరంలో చాలా ఫ్యాక్టరీలు మూతబడ్డాయి. కొత్తవి కొనేముందు పాతవాటిని వాడుకోమని నేననడానికి ఇదొక కారణం.

ఒక తప్పుడు మోజు గురించి చెప్పకుండా ఉండలేను. వాలుగా కాంక్రీటు స్లాబు పోసి, దాని మీద సిమెంటుతో పెంకులు అతికించి పెంకుటిల్లు అంటున్నారు. పెంకు గాలి పీల్చే సందు పోయింది, చేత్తో ఎత్తి మార్చుకునే వీలు పోయింది. పగిలితే ఉలి పెట్టి చెక్కాల్సిందే. పలకను గోడకు అతికించడంలో నాకు అభ్యంతరం లేదు, పెంకును స్లాబుకు అతికించడం మాత్రం దాని గుణాన్ని చంపడమే.

నా తీర్పు ఇది. బ్రిటన్‌లోనో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనో పలక కప్పున్న ఇల్లు మీదైతే పలకకే ఉండండి. రాయి గట్టిగా ఉండి మేకులే చెడితే, దించిన పలకల్లో మోగేవాటిని ఏరి రాగి మేకులతో తిరిగి ఎక్కించమని పనివాడిని అడగండి. తెలుగు నేల మీద వాలు కప్పు వేయిస్తుంటే మట్టి పెంకు తప్ప వేరే ఆలోచన అక్కర్లేదు. మీ తాతలనాటి పెంకుటిల్లు కారుతుంటే కప్పంతా పీకి రేకులు వేయించకండి. చెదపట్టిన రీపర్లు మార్పించి, పాత పెంకులు కడిగి మళ్ళీ పరిపించండి, మిగిలిన వంద పెంకులు పెరట్లో గోడకు ఆనించి ఉంచుకోండి.