గట్టెక్కిన పడవలు

వినుకొండలో పుట్టి పెరిగినవానికి సముద్రము వినికిడియే గాని చూపు కాదు. సీతాపహరణ వార్తను శ్రీరాముడు విన్న తావు గనుక మా కొండకు ఆ పేరు కలిగినదని పెద్దలు చెప్పగా విని పెరిగినందువలననో ఏమో, కన్నదానికంటె విన్నదానిని మనస్సున పదిలపరచుకొను అలవాటు నాకు చిన్ననాటనే పట్టుబడినది. నల్లమలలో పుట్టి, మా తాలూకాను ఒరసికొని, అద్దంకి సీమమీదుగా పోయి, ఒంగోలుకు దిగువను కడలిలో కలియు గుండ్లకమ్మలో, ఏరు పారిననాడు మేము కాగితపు పడవలు విడిచి, ఇవి సముద్రమునకు చేరునా అని అడిగినప్పుడు, "నీళ్లు పోయేది అక్కడికే గదరా, చేరకేం!" అని మా నాయనమ్మ అనెడిది. అవి మొదటి మలుపుననే రెల్లుకు చిక్కి నానిపోయి యుండునని ఇప్పుడు తెలియును. అయినను దరిజేరని పడవల గతి యేమి యను చింత నన్ను విడువలేదు. ఏ రేవునకు పోయినను, నీటిమీద నిలిచిన పడవలను దాటి పాడుపడ్డ పడవలవైపే నా కాళ్లు పోవుచుండును.

మన భాషలో గట్టెక్కుట యనగా బ్రతికి బయటపడుట. అప్పు తీర్చినవాడు గట్టెక్కినాడందుము. కూతురి పెండ్లి చేసిన తండ్రి గట్టెక్కినాడందుము. మచిలీపట్నము చెంతనున్న గిలకలదిండి రేవున తొలిసారి నిలుచున్ననాడు, పడవ గట్టెక్కుట దాని మరణమని నాకు తెలిసినది. పోటునకు నిండి పాటునకు దిగిపోవు ఆ బురద ఒడ్డున, ప్రక్కకు ఒరగి, పలకలు రాలి, ప్రక్కటెముకలవంటి లోపలి వంపుకర్రలు బయటపడి, ముక్కున ఎన్నడో దిద్దిన పసుపు కుంకుమల జాడ మాత్రము మిగిలియున్న ఒక బోటు ఎదుట నేను చాలసేపు నిలిచిపోయితిని.

అది వేట నిషేధపు కాలము. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు తూర్పుతీరమున యంత్రపు బోట్లు సముద్రముపైకి పోరాదు గనుక, చేపలు గ్రుడ్లు పెట్టుకొను ఆ రెండు మాసములలోనే బోట్లు మరమ్మతు పొందును. ఒకచోట పలకల సందులలో నూలు కూరుచున్నారు. మరియొకచోట గుగ్గిలమును నూనెలో కాచుచున్నారు. వలల గుట్టల నీడన పిల్లలు నిద్రించుచున్నారు. బాగుపడు పడవల నడుమ ఇక బాగుపడని పడవలు, ఆసుపత్రి వసారాలో ఎవరును పలుకరింపని వృద్ధులవలె, పడియున్నవి. నన్ను చూచి ఒక ముసలితాత దగ్గరకు వచ్చెను. చిన్ననాట తెప్ప కట్టి, నడివయస్సున ఇంజను బోట్లకు పలకలు బిగించి, ఇప్పుడు మనుమల ఫైబరు బోటునకు వలలు అల్లుచున్న మనిషి. ఆ పూట ఆయన చెప్పినదంతయు ఒక్క విషయమును గూర్చియే: పడవ ఎట్లు కూర్పబడునో అట్లే చచ్చును.

"తెప్పకు చావు లేదండి బాబుగారూ" అని మొదలుపెట్టెను. "దుంగలు తాడేసి కడతాం. ఒడ్డుకు రాగానే విప్పి ఎండేస్తాం. ఒక దుంగ చెడితే ఆ దుంగొక్కటే తీసేస్తాం. నా తెప్పలో మా అయ్య దుంగ ఒకటుండేది." తండ్రి దుంగపై కూర్చుండి కొడుకు వేటాడిన ఆ తెప్ప వయస్సును ఎవరు గణింపగలరు? తెప్పకు శవము లేదు. ఒక్కొక్క అవయవముగ మారుచు, తాను తానుగనే యుండును.

దాని తరువాతిది కుట్టు పడవ. దొరలు దానిని మాసులా పడవ యనిరి. ఆ పేరు ఈ బందరుకు, అనగా మచిలీపట్నమునకు, పూర్వనామమగు మసూలిపట్నమునుండియే పుట్టినదని చెప్పువారు కలరు. అందు ఇనుప మేకు ఒక్కటియు లేదు. పలక అంచులకు బెజ్జములు వేసి, సందున గడ్డియో పీచో పెట్టి, కొబ్బరి త్రాటితో కుట్టుదురు. ఒడ్డున విరిగిపడు కెరటము కొట్టినప్పుడు మేకుల పడవ బిగుసుకొని పగులును; కుట్టు పడవ ఒదిగి, దెబ్బను త్రాటిలోనికి పంచుకొని, మరల సర్దుకొనును. రేవు కట్టని తీరమున, దూరముగ లంగరు దింపిన ఓడలనుండి మనుష్యులను, సరకులను దరిజేర్చుటకు తరతరములు ఆ పడవలే దిక్కైనవి. అది ముదిసినప్పుడు త్రాళ్లు కోయగా పలకలు వేనికవి విడివడును. గట్టివి క్రొత్త పడవలోనికి పోవును, మెత్తనివి పొయ్యిలోనికి పోవును. కుట్టిన చేతితోనే విప్పుటయు ఆ పనివారి విద్యలో ఒక భాగము.

పిమ్మట మేకు వచ్చినది, ఇంజను వచ్చినది. రొయ్య, సొర, పాబ్లో, సోనా యని విశాఖ, కాకినాడ రేవులలో పేర్లు పొందిన యంత్రపు బోట్ల కాలము వచ్చినది. బోటు ముదిసినప్పుడు మొదట ఇంజను దింపుదురు. "ఇంజను దిగిన్నాడే పోయినట్టండి, మిగతాది బొంద" అని ఆయన ఎదుటి బోటును చూపెను. తుప్పు మేకునుండి కొయ్యలోనికి ప్రాకును. పెరుకబోయిన పలక నిలువున చీలును. నీటిలో ఉన్నన్నాళ్లు పురుగు లోపల సొరంగములు త్రవ్వును. ఎవరికిని పనికిరాని ఆ కొయ్యను తుదకు ఇనుమునకై కాల్చుదురు. ఇక ఫైబరు బోటు. అది కుళ్లదు, పురుగు ముట్టదు, పొయ్యికి రాదు. పగిలినది పగిలినట్లే ఒడ్డున పడియుండి, ఎవరిదో చెప్పువారు పోయిన తరువాత కూడ అక్కడనే యుండును. దాని తేలిక, దాని చౌక బీదవారికి మేలు చేసినవని నేనెరుగుదును. అయినను చావనేరని వస్తువును చూచినప్పుడు నాకు భయము కలుగును.

బందరునకు పడవల మరణము క్రొత్త కాదు. గోల్కొండ సుల్తానుల కాలమున దేశాంతరముల ఓడలు నిలిచిన రేవు ఇది. 1611లో ఆంగ్లేయులు వచ్చి కోఠీ పెట్టుకొనిరి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన పట్టణముమీద పడి సుమారు 30,000 మందిని బలిగొనినది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన దిగిన పిదప, కడలికి దూరముగ వరిపొలము నడుమ నిలిచిన ఒక నావను తాను చూచితినని తాత చెప్పెను. దానిని మరల నీటికి చేర్చు శక్తి ఆనాడు ఎవరికి కలదు? పలకలూడదీసి గుడిసెలకు తలుపులు చేసికొనిరట. ఆ తలుపుల వెనుక పుట్టిన పిల్లలు ఇప్పుడు తాతలగుచున్నారు.

యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణెములపై రెండు తెరచాప కొయ్యల ఓడను ముద్రింపించెను. ఘంటసాల శాసనమొకటి మహానావికుని పేర్కొనును. నడచు ఓడకు చరిత్ర ఇంత గౌరవమిచ్చినది. పడిన ఓడకైనను, పెద్దదైనచో జనము చేరుదురు. 2020 అక్టోబరున వాయుగుండపు గాలికి కొట్టుకొనివచ్చి విశాఖ తెన్నేటి పార్కు కడ రాళ్లపై ఎక్కిన బంగ్లాదేశపు ఓడ 'మా'ను చూచుటకు తీర్థమునకువలె జనులు పోయిరి. దానిని భోజనశాలగ మార్చవలెనను ఆలోచనయు జరిగినది. 2023 నవంబరున అదే నగరపు చేపలరేవులో ఒక్క రాత్రి మంటలకు సుమారు 40 బోట్లు కాలినవి. ఆ బూడిదకు ఏ పార్కును లేదు, చిరునామాయు లేదు.

విడిచిన పడవ ఊరకుండునని తలచుటయు పొరపాటే. 2024 సెప్టెంబరు 1న కృష్ణ ఉగ్రముగ పొంగినప్పుడు, కట్టు తెంచుకొనిన బరువైన బోట్లు ప్రకాశం బ్యారేజీని ఢీకొని 67, 69, 70 గేట్ల కౌంటరు వెయిట్లను దెబ్బతీసినవి. వాటిని వెలికిదీయుటకు ఇంజనీర్లు దినములతరబడి శ్రమించిరి. కాకినాడనుండి పడవపని తెలిసినవారిని పిలిపింపవలసి వచ్చినది. మా పల్నాట మాదిపాడు రేవున బల్లకట్టు నడుపువారిని తలచుకొంటిని. నది పొంగిన రాత్రి మోకును నమ్మి నిద్రించుట వారి వృత్తిలో లేదు.

మునిగిన పడవలను గూర్చి అడిగితిని. "అవి మా లెక్కలో ఉంటాయండి" అనెను. అడుగున పడవ యున్న చోట వల చిక్కి చినుగును, అయితే చేపయు అక్కడనే మూగును. కొండలు లేని ఈ తీరమున దీపస్తంభమును ఒక తాటితోపును ఒక వరుసకు తెచ్చుకొని ఆ తావును గుర్తించువారట. తాటిచెట్లు పడిపోయినప్పుడు మరియొక గుర్తు వెదకుకొనెడివారట. ఇప్పుడు మనుమలు జీపీయస్ పెట్టెలో అంకెలు దాచుకొనుచున్నారు. అంకెకు తావు తెలియును; మునిగిన రాత్రి ఆ బోటులో ఎవరెవరున్నారో తాతకే తెలియును. ఆయన ఆ పేర్లు చెప్పెను. వ్రాసికొనుటకు నేను కాగితము తీయగా, వలదని చేయి ఊపెను.

సూర్యుడు వాలుచుండగా ఆయన కొయ్యసుత్తి తీసికొని, ఒరగియున్న ఆ ముసలి బోటు దగ్గరకు నన్ను తీసికొనిపోయెను. కొయ్యలో ప్రాణమున్నదో లేదో తట్టి వినవలెనట. గట్టి పలక గంటవలె పలుకును, పుచ్చినది మూగవోవును. ముందువైపు పలకలన్నియు మూగవే. వెనుక, నీటిగీతకు పైన, ఒక చోట ఆగి, "చెవి పెట్టండి బాబుగారూ" అనెను. ఉప్పుగ, వెచ్చగనున్న ఆ కొయ్యకు నేను చెవి ఆనించితిని. ఆయన తట్టెను.