పాత బంతికి పదును పెట్టిన కుర్రాడు

1992 జులై. లీడ్స్‌లోని హెడింగ్లే మైదానం. రెండు వికెట్లకు 292 పరుగులతో ఇంగ్లండ్ నింపాదిగా ఉంది. కెప్టెన్ గ్రాహం గూచ్ సెంచరీ కొట్టాడు. బంతి రంగు వెలిసి, తోలు లేచిపోయింది. మామూలు లెక్కలో ఫాస్ట్ బౌలర్లకు అది గడ్డుకాలం. అక్కణ్నుంచి 28 పరుగుల్లో మిగిలిన ఎనిమిది వికెట్లూ రాలిపోయి, ఇంగ్లండ్ 320కి ఆలౌటైంది. అందులో ఐదు వికెట్లు తీసిన వకార్ యూనిస్‌కి అప్పటికి ఇరవయ్యేళ్లు. ఆ టెస్టులో చివరికి పాకిస్తాన్ ఓడిపోయింది కాబట్టి ఆ స్పెల్ గురించి చెప్పుకునేవాళ్లు తక్కువ. నా మటుకు నాకు, పాకిస్తాన్ ఫాస్ట్ బౌలింగ్ గొప్పతనం తెలియాలంటే ముందు చూడాల్సింది దాన్నే.

ఇంగ్లండ్‌లో మబ్బులుంటాయి, తేమ ఉంటుంది. ఆస్ట్రేలియా పిచ్‌ల మీద బంతి ఎగిరి వస్తుంది. పాకిస్తాన్‌లో పేసర్లకు ఇవేవీ దొరకవు. ఎండకు ఎండి చదునుగా, ప్రాణం లేనట్టుండే పిచ్‌లు. పచ్చిక పల్చబడిన, గరుకైన మైదానాలు. కొత్త బంతి మెరుపు కాసేపట్లోనే పోతుంది. ఆ తర్వాత రోజంతా పరిగెత్తి బంతి వేయాల్సినవాడు ఏం చేయాలి? ఆ ప్రశ్నకు 1970ల్లో సర్ఫరాజ్ నవాజ్ వెతికి పట్టుకున్న జవాబు రివర్స్ స్వింగ్. ఆయన దగ్గర ఇమ్రాన్ ఖాన్ నేర్చుకున్నాడు. 1982 డిసెంబరులో కరాచీలో మన జట్టు మీద ఇమ్రాన్ ఒకే ఇన్నింగ్స్‌లో 60 పరుగులకు 8 వికెట్లు తీశాడు. ఆ సిరీస్ మొత్తం మీద అతనివి 40 వికెట్లు. ఇమ్రాన్ నుంచి అది వసీం అక్రమ్‌కి, వకార్‌కి అందింది. పుస్తకం లేదు, పాఠశాల లేదు. నెట్స్‌లో పక్కన నిలబడి, వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపించి నేర్పిన విద్య. మన సంగీతంలో గురుముఖతా నేర్చుకోవడం అంటామే, సరిగ్గా అలాంటిది.

ఆ విద్య ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం. గాలిలో దూసుకెళ్లే బంతిని పల్చటి గాలి పొర ఒకటి అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ పొర ఒక వైపు ముందుగా, రెండో వైపు ఆలస్యంగా విడిపోతే, ఆలస్యంగా విడిపోయిన వైపుకి బంతి తిరుగుతుంది. కొత్త బంతిని సీమ్ కాస్త వంచి వేసినప్పుడు నున్నటి వైపు పొర త్వరగా ఊడిపోతుంది. సీమ్ తగిలి కలత చెందిన గాలి రెండో వైపు ఇంకాస్త సేపు అంటుకుని ఉంటుంది. అందుకే బంతి సీమ్ చూపించిన దిక్కుకే వంగుతుంది. అందరికీ తెలిసిన స్వింగ్ ఇదే. అదే బంతి ఒక వైపు బాగా గరుకెక్కాక, మంచి వేగంతో వేస్తే లెక్క తలకిందులవుతుంది. గరుకు వైపు గాలి మరీ ముందుగానే కలత చెంది, పొర మందమై, త్వరగా ఊడిపోతుంది. బంతి నున్నటి వైపుకి తిరుగుతుంది. అంటే ఔట్‌స్వింగర్ పట్టుతో వచ్చిన బంతే లోపలికి దూసుకొస్తుంది. బౌలర్ చేతిలో మెరుపు ఎటుందో చూసి ఆడే బ్యాట్స్‌మన్ ఇక్కడే బోల్తా పడతాడు. ఆ మెరుపు కనబడకుండా పరుగెత్తేటప్పుడు రెండో చేత్తో బంతిని కప్పేసుకోవడం కూడా ఈ విద్యలో భాగమైంది.

బౌలర్ ఒక్కడు చేసే పని కాదిది. గరుకు వైపు పొడిగా ఉండాలి. చెమట చుక్క తగిలినా ఆ వైపు బరువెక్కి, మెత్తబడి చెడిపోతుంది. కాబట్టి చేతులు బాగా చెమర్చేవాళ్లు బంతిని ఎక్కువసేపు పట్టుకోకూడదు. నున్నటి వైపుని మాత్రం ప్యాంటుకి రుద్దుతూనే ఉండాలి. ఇలా పదకొండు మందీ ముప్పై నలభై ఓవర్ల పాటు ఒళ్లు దగ్గర పెట్టుకుని కాపాడితే గానీ, చివర్లో ఒకడు స్టంప్స్ పడగొట్టలేడు. స్కోరుకార్డు మీద ఒక్కడి పేరే ఉంటుంది. ఆ వికెట్‌లో అందరి చేతులూ ఉంటాయి.

దీనికి వకార్ తన సొంతంగా కలిపింది యార్కర్. అతని రనప్ చాలా పొడవు. ఎక్కడో దూరం నుంచి కొంచెం వంపు తిరుగుతూ వచ్చేవాడు. చేయి చెవి పక్క నుంచి నిటారుగా లేచేది కాదు, వాలుగా, వడిసెల తిప్పినట్టు వచ్చేది. దాంతో బంతి తక్కువ ఎత్తులో, మంచి వేగంతో వచ్చి, చివరి గజంలో లోపలికి వంగి, బ్యాట్స్‌మన్ కాలివేళ్ల దగ్గర దిగేది. పిచ్‌లో ప్రాణం లేకపోతేనేం, బంతి అసలు నేలని తాకేదే బ్యాట్ కింద. ఎడ్జ్ కోసం, స్లిప్‌లో క్యాచ్ కోసం ఎదురుచూసే ఆట కాదది. వకార్ టెస్టు వికెట్లు 373. వాటిలో సగానికి పైగా బౌల్డ్‌లు, ఎల్‌బీడబ్ల్యూలే. ఆ రోజుల్లో అతని ముందు నిలబడే బ్యాట్స్‌మన్‌కి వికెట్ ఒక్కటే భయం కాదు, కాలి వేళ్లు కూడా.

పాకిస్తాన్ పేసర్లు అందరూ వీధుల్లో, టేపు చుట్టిన టెన్నిస్ బంతితో ఆడి వచ్చారనే కథ ఒకటి బాగా ప్రచారంలో ఉంది. చాలామంది విషయంలో నిజమే. టేపు బంతి గాల్లో వేగంగా వెళుతుంది, పెద్దగా ఎగరదు, కాబట్టి కాళ్ల దగ్గర వేయడం తప్ప దారి ఉండదు. వకార్ దారి మాత్రం వేరు. పంజాబ్‌లోని బూరేవాలా వాళ్లది. తండ్రి ఉద్యోగరీత్యా బాల్యం కొంత షార్జాలో గడిచింది. చిన్నతనంలో కాలువలోకి దూకినప్పుడు దెబ్బ తగిలి ఎడమచేతి చిటికెన వేలు పోయింది. దేశవాళీ క్రికెట్‌లో యునైటెడ్ బ్యాంకు తరఫున ఆడుతుండగా ఇమ్రాన్ ఒక మ్యాచ్‌ని టీవీలో చూసి, ఈ కుర్రాడెవరని వాకబు చేశాడు. కొద్ది వారాల్లోనే 1989 అక్టోబరులో షార్జాలో తొలి వన్డే. నవంబరు 15న కరాచీలో మన జట్టు మీద తొలి టెస్టు. ఆట రెండో రోజున వకార్‌కి పద్దెనిమిదేళ్లు నిండాయి.

అదే టెస్టులో పదహారేళ్ల సచిన్ తెందుల్కర్ కూడా మొదటిసారి బ్యాటు పట్టుకుని వచ్చాడు. 15 పరుగుల దగ్గర వకారే అతన్ని బౌల్డ్ చేశాడు. ఆ ఇన్నింగ్స్‌లో వకార్‌వి 4 వికెట్లు. మన హైదరాబాదీ అజహరుద్దీన్ పాకిస్తాన్ మొదటి ఇన్నింగ్స్‌లో ఐదు క్యాచ్‌లు పట్టింది కూడా ఆ మ్యాచ్‌లోనే. సిరీస్ చివర్లో సియాల్‌కోట్‌లో వకార్ బౌన్సర్ సచిన్ ముక్కుకి తగిలింది. రక్తం తుడుచుకుని సచిన్ 57 పరుగులు చేశాడు. ఆ దెబ్బనే అందరూ గుర్తుపెట్టుకున్నారు గానీ, వకార్ అసలు ఆయుధం బౌన్సర్ కాదు. అప్పటికి అదింకా తయారవుతోంది.

తయారైంది 1990లో. ఆ వేసవి ఇంగ్లిష్ కౌంటీల్లో సర్రేకి ఆడి వచ్చాక, సొంతగడ్డ మీద న్యూజిలాండ్‌తో మూడు టెస్టుల్లో 29 వికెట్లు తీశాడు. ఒక్క ఫైసలాబాద్‌లోనే 12. వరుసగా మూడు వన్డేల్లో ఐదేసి వికెట్లు పడగొట్టాడు. మరుసటి ఏడాది సర్రేకి 113 వికెట్లు, ఒక్కోదానికి ఇచ్చింది సగటున పదిహేను పరుగుల లోపే. ఇవన్నీ ఇరవయ్యేళ్లు నిండకముందు చేసినవి.

దీనికి చెల్లించిన ధర తక్కువేం కాదు. 1991 సీజన్‌లో అతను సర్రేకి 582 ఓవర్లు వేశాడు. ఇంకా ఎముక గట్టిపడని వయసు, నడుముని మెలిపెట్టే యాక్షన్. వెన్నులో స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చి, 1992 ప్రపంచకప్ దక్కకుండా పోయింది. మార్చి 25న మెల్‌బోర్న్‌లో ఇమ్రాన్ కప్పు ఎత్తినప్పుడు ఆ జట్టులో వకార్ లేడు. ఆ తర్వాత కూడా 27 టెస్టుల్లోనే 150 వికెట్లకు చేరాడంటే అది అతని పట్టుదల. కానీ ఒక కుర్రాడి నుంచి అంత పని రాబట్టుకోవడం సబబేనా అన్న ప్రశ్నని ఆ అంకెలు కప్పేయకూడదు. పాకిస్తాన్ క్రికెట్ ఈ ప్రశ్నని ఇప్పటికీ సరిగ్గా పట్టించుకోలేదు.

బంతిని చెడగొడుతున్నారన్న ఆరోపణ ఈ విద్యని నీడలా వెన్నాడింది. 1990 సిరీస్‌లో న్యూజిలాండ్ వాళ్లు అనుమానపడ్డారు. విచిత్రమేమిటంటే ఫైసలాబాద్‌లో సీసా మూతతో బంతిని గీకానని తర్వాత ఒప్పుకున్నది వాళ్ల బౌలర్ క్రిస్ ప్రింగిల్. 1992లో లార్డ్స్ వన్డేలో అంపైర్లు భోజన విరామంలో బంతి మార్చేశారు, ఇంగ్లిష్ పత్రికలు గగ్గోలు పెట్టాయి. వకార్‌ని పూర్తిగా వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. 2000లో శ్రీలంకలో బంతిని గీకినందుకు ఒక మ్యాచ్ నిషేధానికి గురయ్యాడు, ఆ శిక్ష పడ్డ మొదటి ఆటగాడు అతనే. అయినా ఒక మాట అనక తప్పదు. 2005 యాషెస్‌లో ఫ్లింటాఫ్, సైమన్ జోన్స్ ఇదే రివర్స్ స్వింగ్‌తో ఆస్ట్రేలియాని కూల్చినప్పుడు దాన్ని కళ అన్నారు. లాహోర్, కరాచీ మైదానాల్లో పుట్టినప్పుడు మాత్రం మోసం అన్నారు. గోరుతో గీకితే వచ్చేసేంత అల్పమైనది కాదీ విద్య. ఎంత గరుకు బంతి ఇచ్చినా, ఆ వేగం, ఆ గురి లేనివాడు చేయగలిగింది ఏమీ ఉండదు.

ఆ పరంపర ఆగలేదు. 2019 నవంబరులో బ్రిస్బేన్‌లో పదహారేళ్ల నసీం షా తొలి టెస్టు ఆడినప్పుడు పాకిస్తాన్ బౌలింగ్ కోచ్ వకార్ యూనిస్. లోయర్ దిర్ నుంచి వచ్చిన ఆ పిల్లాడు, అంతకు కొద్దిరోజుల ముందే తల్లి చనిపోయినా జట్టుతోనే ఉండిపోయాడు. సరిగ్గా ఏడాదికి మన సిరాజ్ కూడా ఆస్ట్రేలియాలో ఉండగానే తండ్రిని పోగొట్టుకుని, అక్కడే ఉండిపోయి, అదే బ్రిస్బేన్‌లో ఐదు వికెట్లు తీశాడు. హైదరాబాద్ గల్లీల్లో టెన్నిస్ బంతితో ఎదిగిన సిరాజ్ 2025 ఆగస్టులో ఓవల్‌లో ఇంగ్లండ్ మీద, కొత్త బంతి తీసుకునే వీలున్నా పాతదాంతోనే యార్కర్ వేసి అట్కిన్సన్ స్టంప్ పడగొట్టాడు. మన జట్టు 6 పరుగులతో గెలిచింది. ఆ బంతికి ఏ దేశపు విద్య అని పేరు పెడతాం? నసీం మాత్రం వకార్ దారిలోనే గాయాల పాలయ్యాడు. 2023లో భుజం దెబ్బతిని ప్రపంచకప్‌కి దూరమయ్యాడు. పాకిస్తాన్ మొదటి రెండు మ్యాచ్‌లూ మన ఉప్పల్‌లోనే జరిగాయి. టికెట్ కొనుక్కుని వెళ్లినవాళ్లకు అతని బౌలింగ్ చూసే యోగం దక్కలేదు.

కుర్రాళ్లు అలసిపోవడం ఒక ఎత్తు, బంతి పాతబడకపోవడం ఇంకో ఎత్తు. 2011 నుంచి వన్డేల్లో రెండు చివర్ల నుంచీ రెండు కొత్త బంతులు వాడే నియమం వచ్చింది. ఏ బంతీ పాతిక ఓవర్లు దాటేది కాదు, రివర్స్ స్వింగ్‌కి చోటే లేకుండా పోయింది. 2025 జులైలో ఐసీసీ దాన్ని కొంత సవరించింది. 34 ఓవర్లయ్యాక ఫీల్డింగ్ జట్టు రెండింటిలో ఒకటి ఎంచుకుని, మిగతా ఆటంతా దాంతోనే వేయాలి. అంటే చివరి ఓవర్లకు 30 ఓవర్లు దాటిన బంతి మళ్లీ పేసర్ చేతికి వస్తుంది. పొడిగా ఉంచాల్సిన వైపు ఏదో, రుద్దాల్సిన వైపు ఏదో ఇప్పటి కుర్రాళ్లకు చెప్పగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు.