స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు చాటింపు అవసరమా?

నిమ్మనపల్లె పొలంలో పండిన టమాటా ఎంత మేలైనదైనా, మదనపల్లె మార్కెట్టుకు చేరి మండీలో వేలంపాటకు నిలిచేవరకు దాని మేలు కొనేవానికి తెలియదు. అక్కడ ధర పలికించే మండీ వ్యాపారికి కమీషను ముడుతుంది. ఆ కమీషను కొరకే అతడు పదిమందిని పిలిచి సరుకు చూపుతాడు. మరి వెల లేని సరుకు మాట ఏమిటి? వెల లేనిచోట కమీషను లేదు; కమీషను లేనిచోట పిలిచే గొంతూ లేదు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరుకు వచ్చిన చిక్కు ఇదే.

ఓపెన్ సోర్స్ అనగా, కంప్యూటరును నడిపే ఆదేశాల మూలప్రతిని అందరికీ తెరచి ఉంచిన సాఫ్ట్‌వేరు. దానిని ఎవరైనా చదువవచ్చు, దిద్దవచ్చు, ఇతరులకు పంచవచ్చు. దీనిని తయారుచేసేవారిలో చాలామందికి ఒక నమ్మకం ఉన్నది: పని బాగుంటే వాడేవారు తామే వెదకుకొంటూ వస్తారని. వినుటకు ఇంపుగానే ఉన్నది గాని, జరిగిన సంగతులు దీనిని బలపరచవు.

ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజరు 1.0 రూపం 2004 నవంబరు 9న వెలువడినది. అప్పటికి విండోస్ కొన్న ప్రతివాని కంప్యూటరులోను ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ముందుగానే కూర్చొని ఉన్నది. ఇంట్లో ఒకటి ఉండగా రెండవదానిని వెదకేవారు అరుదు. ఈ సంగతి గ్రహించిన అభిమానులు చందాలు పోగుచేసి, ఆ డిసెంబరు 16న న్యూయార్క్ టైమ్స్ పత్రికలో రెండు పుటల ప్రకటన వేయించారు. అందులో చందాదారుల పేర్లు సుమారు 10,000 చిన్న అక్షరాలలో అచ్చయ్యాయి. ఏడాది తిరగకముందే ఫైర్‌ఫాక్స్‌ను పది కోట్లసార్లు దించుకొన్నారు. ప్రకటన ఒక్కటే ఇంత పని చేసినదనుట పొరపాటు. బ్రౌజరులో సత్తువ ఉన్నది, ఎదుటిదానిలో భద్రతాలోపాలూ ఉన్నవి. కాని ఆ తేడా జనానికి తెలియడానికి ఎవరో ఒకరు గొంతెత్తవలసి వచ్చింది.

తెలుగునాట జరిగినది ఇంతకంటె ఆసక్తికరం. 2000 తరువాతి తొలి సంవత్సరాలలో మన పత్రికలు ఇంటర్నెట్టులో తలా ఒక ప్రత్యేక ఫాంటు వాడేవి. ఒకదాని అక్షరాలు మరొకచోట పిచ్చిగీతలుగా కనిపించేవి. వాటిని అన్నిచోట్ల చదువదగిన యూనికోడ్‌లోనికి మార్చేందుకు వెన్న నాగార్జున పద్మ అనే ఫైర్‌ఫాక్స్ అనుబంధాన్ని తయారుచేశారు. ఇంగ్లీషు మీటలతోనే తెలుగు వ్రాయించే లేఖిని వచ్చింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులోనే మొదలైనది. ఇన్ని ఉన్నా, కంప్యూటరులో తెలుగు వ్రాయడం సాధ్యమేనా అని అడిగే విద్యావంతులకు కొదవ లేదు. అందువల్ల ఈ-తెలుగు అనే సంస్థ కార్యకర్తలు హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో దుకాణం తెరచి, అమ్మడానికేమీ లేకుండానే, వచ్చినవారికి తెలుగు టైపు చేసి చూపించారు. తన పేరు తెలుగులో తెరపై చూచుకొన్నవానికి వేరే వాదన అక్కరలేదు. ప్రచారమంటే ఇదీ.

వాడేవారు పెరిగితే లాభం కీర్తి మాత్రమే కాదు. వారివల్లనే సాఫ్ట్‌వేరు బాగుపడుతుంది. 2005లో ఏర్పడిన స్వేచ్ఛ సంస్థ కంప్యూటరు ఆపరేటింగ్ సిస్టమును తెలుగులో అందించే పనికి పూనుకొన్నది. ఇట్టి అనువాదాలలో ఫైలుకు ‘దస్త్రం’ అనే మాట కనిపిస్తుంది. రాయలసీమ పల్లెలో దస్త్రమంటే కరణంగారి కట్ట గుర్తుకు వస్తుంది! మాట అతుకుతుందా లేదా అని అనువాదకుడు గదిలో కూర్చొని తేల్చలేడు. తరగతిలో పిల్లలు నోట పలికి తేల్చాలి. పిల్లల దాకా చేరని అనువాదం దిద్దుబాటుకు నోచుకోదు.

ఈ విషయంలో స్వేచ్ఛావాదుల ప్రచారాన్ని కొంత తప్పుపట్టక తప్పదు. అది తరచు సిద్ధాంతంతో మొదలౌతుంది. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అనే ఒక్క మాటకే ఉచితమనీ, స్వేచ్ఛ అనీ రెండర్థాలు ఉండడంవల్ల వారికి వివరణ అవసరం. తెలుగులో రెండు వేరు మాటలే ఉన్నాయి. ఆ తగవు మనకు లేదు. నిమ్మనపల్లె ఉన్నత పాఠశాలలోని సైన్సు ఉపాధ్యాయునికి కావలసినది వేరు: ‘రేపు తొమ్మిదవ తరగతికి ఏమి చూపగలను?’ దీనికి జవాబు ఉన్నది. స్టెల్లేరియం అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరులో ఆ ఊరి అక్షాంశం, సుమారు 13½ డిగ్రీలు, పెట్టి చూస్తే, ఆ రాత్రి అక్కడ కనిపించే ఆకాశమే తెరపై వస్తుంది. కృత్తికలు ఎప్పుడు ఉదయిస్తాయో, ధ్రువనక్షత్రం అంత క్రిందుగా ఎందుకు ఉంటుందో పిల్లలే కనుగొనవచ్చు. బడిపిల్లల కొరకు విద్యాసాధనాలను ఒకచోట కూర్చిన బాలస్వేచ్ఛ కూడ ఉన్నది. దాని పేరు విన్న ఉపాధ్యాయులెందరు?

కేరళలో 2001లో మొదలైన ఐటి ఎట్ స్కూల్ పథకం క్రమంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు మారి, వేలాది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. పదవ తరగతి ఐటి పరీక్ష కూడ దానిమీదనే జరిగింది. అక్కడ పత్రికా ప్రకటనకంటె, ఉపాధ్యాయుని ప్రక్కన కూర్చొని నేర్పిన మనిషి ఎక్కువ పని చేశాడు.

చాటింపులో నిజాయితీ కూడ ఉండాలి. డి.టి.పి. దుకాణంలో అను ఫాంటులతో కూర్చిన పాత ప్రశ్నపత్రం లిబ్రెఆఫీసులో తెరిస్తే సరిగా రాదు. యూనికోడ్‌లోనికి మార్చుకోవలసి ఉంటుంది. ఈ మాట మొదటనే చెప్పితే హెడ్మాస్టరు ఒక పూట విసుగుకొంటాడు. చెప్పకుండా అంటగడితే, పరీక్షల ముందురోజు ఆ కంప్యూటరులో మళ్ళీ పాత సాఫ్ట్‌వేరే ఎక్కుతుంది.