అట్టముక్కల నడక

మా మేనకోడలు యానిమేషన్ కోర్సు రెండో ఏడు చదువుతోంది. కాలేజీ ప్రజెంటేషన్‌కి దానికి కటౌట్ యానిమేషన్ వచ్చింది. స్లైడ్లన్నీ నాకు పంపి, "ఒకసారి చూసి చెప్పు మావయ్యా" అంది. మొదటి స్లైడు మీదే పెద్దక్షరాల్లో 'తక్కువ ఖర్చుతో అయ్యే పద్ధతి' అని ఉంది. అందరూ చెప్పేదీ అదే కాబట్టి పిల్లనని లాభం లేదు. నాకు మాత్రం అక్కడే పేచీ వచ్చింది.

అట్టలోంచి తల, మొండెం, చేతులు, కాళ్లు విడివిడిగా కత్తిరిస్తారు. కీళ్ల దగ్గర కలిపి గాజుపలక మీద పడుకోబెడతారు. పైన కెమెరా బిగించి, బొమ్మని కాస్త కాస్త జరుపుతూ ఒక్కో ఫ్రేమూ తీస్తారు. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో భంగిమని రెండేసి ఫ్రేములు తీసుకున్నా, సెకనుకి 12 సార్లు బొమ్మని ముట్టుకోవాలి. గీసే యానిమేషన్‌లో అయితే ఆ పన్నెండూ పన్నెండు కొత్త బొమ్మలు. ఇక్కడ ఉన్నది ఒక్కటే. కాగితం తక్కువ, రంగు తక్కువ, మనుషులు తక్కువ. అంతవరకూ స్లైడులో ఉన్నది నిజమే.

కానీ గీసేవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. ముఖ్యమైన భంగిమలు ముందు గీసుకుని, మధ్యలోవి తరవాత పూరించుకోవచ్చు. నచ్చని కాగితం తీసేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. కత్తిరించిన బొమ్మ దగ్గర ఆ పప్పులుడకవు. మోచెయ్యి జరిపామా, అంతకుముందు అది ఎక్కడుందో ఇక ఆ బల్ల మీద జాడ ఉండదు. షాటు చివర్లో భుజం తేడాగా కదిలిందని కనిపెడితే, షాటంతా మళ్లీ మొదటి నుంచే. ఈ ఖర్చుని ఏ బడ్జెట్లోనూ రాయరు.

లోటే రైనిగర్ సంగతి చూడండి. 1899లో బెర్లిన్‌లో పుట్టింది. చిన్నప్పటి నుంచీ కత్తెరతో నీడబొమ్మలు చేయడం సరదా. 1923లో జర్మనీలో డబ్బు విలువ గంటగంటకీ పడిపోతుంటే, లూయీ హాగెన్ అనే బ్యాంకరు నోట్లు దాచుకుని లాభం లేదని ముడి ఫిల్ము కొని పెట్టుకున్నాడు. దాంతో పూర్తినిడివి సినిమా తీయమని ఈవిణ్ణి అడిగాడు. అప్పటికి ఆమెకి పాతికేళ్లు కూడా లేవు. పోట్స్‌డామ్‌లో ఆయన గ్యారేజీ మీది అటకే స్టూడియో. భర్త కార్ల్ కోఖ్, మరి కొద్దిమంది తోడు. మూడేళ్లు పట్టింది. 1926లో విడుదలైన 'రాకుమారుడు అక్మద్ సాహసాలు' నిడివి గంటకి కాస్త పైచిలుకు. ఇంతకన్నా ముందే 1917లో అర్జెంటీనాలో క్విరినో క్రిస్తియానీ అట్టబొమ్మలతోనే పూర్తినిడివి సినిమా తీశాడు గానీ, అది అగ్నికి ఆహుతైపోయింది. ఇవాళ మనం చూడగలిగిన వాటిలో అక్మద్‌దే పెద్దరికం.

ఆమె బొమ్మలు నల్లట్టవి. అట్టతో పాటు పల్చటి సీసపు రేకు కూడా వాడేది, బొమ్మ బరువుగా, పెట్టినచోట పెట్టినట్టు ఉండడానికి. కీళ్లకి సన్నటి తీగ. గాజుపలక కిందనుంచి దీపం. అడవులూ మేఘాలూ కావాలంటే పల్చటి కాగితాలు పొరలు పొరలుగా పరిచేది, పొర పెరిగినకొద్దీ చీకటి చిక్కబడేది. దగ్గరి షాటుకి అదే మనిషి తల, భుజాలు ఇంకో పెద్ద సైజులో మళ్లీ కత్తిరించాల్సిందే. ముఖంలో కన్నీళ్లు చూపించే వీల్లేదు, ఉన్నదంతా పక్కనుంచి కనిపించే నీడే. దుఃఖమైనా గర్వమైనా మెడ వంపులో, మణికట్టు మడతలో పలకాలి. ఆ సినిమాలో చేతివేళ్లు చూడండి, చాలామంది నటుల ముఖాల్లో కూడా అంత పలకదు.

తెలుగువాళ్లకి ఈ కీళ్ల విద్య కొత్త కాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ మేకతోలు గీకి, వెలుతురు దిగేంత పల్చన చేసి, రంగులద్ది బొమ్మలు కడుతున్నారు. భుజం, మోచెయ్యి, మోకాలు వేరువేరు ముక్కలు, దారంతో ముడి. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేనకోడలు ఒక స్లైడులో 'కటౌట్ యానిమేషన్‌కి మూలం తోలుబొమ్మలాట' అని రాసేసింది. దాన్ని కొట్టేయించాను. పోలిక ఉంది గానీ, రైనిగర్ మన దగ్గర నేర్చుకుందనడానికి ఆధారం చూపించాలి కదా. పైగా తేడా చిన్నదేమీ కాదు. తోలుబొమ్మలో ఆడించేవాడి చెయ్యి తెర వెనక ఎప్పుడూ ఉంటుంది. నవ్వించే బొమ్మ కేతిగాడు జనం నవ్వుని బట్టి ఇంకాసేపు గెంతొచ్చు. సినిమా బొమ్మ దగ్గర ఫ్రేము తీసే ముందు చెయ్యి తప్పుకోవాలి. నవ్వు వస్తుందో రాదో నెలల ముందే ఊహించుకుని జరపాలి.

"చెబితే కాదు, చేసి చూడు" అన్నాను. శుభలేఖ అట్టతో ఒక తాతని కత్తిరించింది. దారం ముడులే కీళ్లు. రెండు స్టూళ్ల మీద గాజుపలక, కింద బల్బు, పైన ఫోను. మొదటి ఆటంకం ఫోను తెలివే. ప్రతి ఫ్రేముకీ వెలుతురు తనే సర్దుకుంటుంటే తాత మిణుకుమిణుకుమన్నాడు. ఎక్స్‌పోజర్ లాక్ చేశాక కుదిరింది. తరవాత నడక. నేల మీద ఆనిన పాదం ఆనినచోటే ఉండాలి, దాని మీదుగా ఒళ్లు ముందుకి రావాలి. కాళ్లు బార్లా పడ్డప్పుడు నడుం కాస్త దిగాలి, రెండూ దగ్గరికి రాగానే లేవాలి. ఈ బియ్యపుగింజంత దిగడం, లేవడం లేకపోతే తాత నడవడు, ఐసు మీద జారతాడు. ఫ్యాను వేస్తే కాగితం ఎగురుతోందని చెమటలు కారుతున్నా ఆపుకుని కూచుంది.

కటౌట్ సినిమాలే తీసిన యూరీ నోర్‌స్టైన్ పేరు మేనకోడలి స్లైడ్లలో లేదు, చేర్పించాను. 1975 నాటి ఆయన 'పొగమంచులో ముళ్లపంది' పది నిమిషాల సినిమా. మంచు కోసం ఆయన చేసింది ఇంతే: చాలా పల్చటి కాగితం ఒకటి బొమ్మ మీద పరిచి, ఫ్రేము ఫ్రేముకీ కొంచెం కొంచెంగా కెమెరా వైపు ఎత్తుకుంటూ పోయాడు. కాగితం దూరమయ్యేకొద్దీ కింద ఉన్నది తెల్లగా కరిగిపోతుంది. ఆయనే 1981లో గొగోల్ కథ 'ఓవర్‌కోటు'ని సినిమాగా మొదలుపెట్టి, దశాబ్దాల తరబడి తీస్తూనే ఉన్నాడు. చవక పద్ధతట!

ఇప్పుడు కంప్యూటర్‌లోనూ కటౌట్ అనే అంటున్నారు. టీవీ కార్టూన్ 'సౌత్ పార్క్' మొదటి ఎపిసోడు రంగుకాగితాలు కత్తిరించి తీశారు, ఆ తరవాత కంప్యూటర్‌కి మారి, ఆరు రోజుల్లో ఎపిసోడు పూర్తి చేసే స్థాయికి వచ్చారు. అందులో వెనక్కి వెళ్లొచ్చు, దిద్దుకోవచ్చు. నాకు దాని మీద కోపమేమీ లేదు, పని జరుగుతోంది. కాకపోతే తప్పు దిద్దుకునే వీల్లేనప్పుడు చేతికొచ్చే జాగ్రత్త వేరు, అది ఆ తాత నడుం దగ్గర మా పిల్లకి అర్థమైంది.

మొదటి స్లైడు తీసేసింది. దాని బదులు గాజుపలక, బల్బు క్లాసుకే పట్టుకెళ్లి అందరి ముందూ తాతని రెండడుగులు వేయిస్తానంటోంది. లెక్క వేస్తే ఇచ్చిన టైములో ఒక్క సెకను నడకైనా వస్తే గొప్పే. "ఒక్క సెకనుకి మార్కులేస్తారా మావయ్యా?" అని కాదు దాని బెంగ. మే నెలలో క్లాసంతా ఫ్యాన్లు ఆపేయమంటే సార్ ఒప్పుకుంటారా అని.