ఏడు రెక్కల లెక్క

మైన్‌క్రాఫ్ట్ ఆటలో గెలుపూ ఓటమీ పట్టించుకోకపోయినా రోజులు గడిచిపోతాయి. 2011లో పూర్తి రూపంలో బయటికొచ్చిన ఈ ఆట 2023 నాటికి 30 కోట్ల కాపీలు దాటి అమ్ముడుపోయింది. అండమాన్‌లో మా గరాచర్మ పిల్లలు ఫోన్లలో జాంబీలను చంపడానికి దాన్ని ఆడతారు. నేను మాత్రం అందులో సెల్యులార్ జైలు కడుతున్నాను. ఇప్పుడు టూరిస్టులు చూసి వెళ్ళే మూడు రెక్కల జైలు కాదు, 1906లో పని పూర్తయినప్పటి ఏడు రెక్కల జైలు.

కట్టడానికి రెండు పద్ధతులున్నాయి. క్రియేటివ్ మోడ్‌లో ఇటుకలు అడిగినన్ని చేతికొస్తాయి. సర్వైవల్ మోడ్‌లో ప్రతిదీ సంపాదించుకోవాలి. విశాఖలో చదువుకుంటున్న మా మేనల్లుడు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట: "అదేటి మావయ్యా, క్రియేటివ్‌లో పెట్టీసుకో, నాల్రోజుల్లో అయిపోద్ది." నేను సర్వైవల్‌లోనే ఉన్నాను. నీటి అడుగున బంకమట్టి తవ్వాలి. ఒక్కో మట్టి దిమ్మ నుంచి నాలుగు ముద్దలొస్తాయి. ముద్దను బట్టీలో పెడితే పది సెకన్లకు ఒక ఇటుక, నాలుగు ఇటుకలు కలిస్తే గోడలో పేర్చే దిమ్మ ఒకటి. ఒక బొగ్గుకు ఎనిమిది ఇటుకలే కాలతాయి. రెండు గదుల మధ్య అడ్డుగోడకు నా కొలతల్లో 56 దిమ్మలు పడతాయి, అంటే 224 ఇటుకలు, 28 బొగ్గులు, ఒక్క బట్టీ మీదైతే 37 నిమిషాలు. అలాంటి గదులు దాదాపు 700.

అసలు జైలుకు ఇటుకలు బర్మా నుంచి ఓడల్లో వచ్చాయి. 1896లో పని మొదలుపెట్టి పదేళ్ళపాటు కట్టిందీ ఖైదీలే. ఫ్యాన్ కింద కూర్చుని మౌస్ నొక్కేవాడు తన ఓపికను ఆ చాకిరీ పక్కన పెట్టి చూసుకోకూడదు, నేను చూసుకోను కూడా. కాకపోతే ఇటుక తేరగా రానప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలో ముందే ఆలోచిస్తాం. సర్వైవల్‌లో నాకు కావలసింది అంతే.

కొలతలే అసలు తలనొప్పి. ఆటలో ఒక దిమ్మ అంటే ఒక మీటరు. ఒక మనిషిని పెట్టే గది వెడల్పు ఏడెనిమిది అడుగులు, గోడకే మీటరు పోతే ఇంకేం మిగులుతుంది? అందుకని దిమ్మను అరమీటరుగా పెట్టుకున్నాను. గది పొడవు ఎనిమిది, వెడల్పు ఐదు, మూడు మీటర్ల ఎత్తున ఉండే చిన్న కిటికీ ఆరు దిమ్మల పైన. అప్పుడు ఇంకో చిక్కు వచ్చిపడింది. ఆటలో మనిషి ఎత్తు మారదు కదా, వాడు లోపలికి అడుగుపెడితే గది హాలులా కనిపిస్తుంది. ఆ ఇరుకు నా జైల్లో లేదు. దీనికి నాకు మార్గం దొరకలేదు, దొరుకుతుందనీ అనుకోవడం లేదు.

దిమ్మలన్నీ చదరాలు. మధ్యలోని నిఘా గోపురం చుట్టూ ఏడు రెక్కలు సమంగా విచ్చుకున్నాయనుకుంటే రెక్కకూ రెక్కకూ మధ్య 51 డిగ్రీల పైచిలుకు. మొదటి రెక్క నిటారుగా పోతుంది. రెండోదానికి ఐదు ఇటు, నాలుగు అటు మెట్లుగా పేర్చుకుంటూ పోతే ఆ కోణం దాదాపు అచ్చుగుద్దినట్టు వస్తుంది. మూడోది ముప్ఫై ఐదుకు ఎనిమిది. నాలుగోది రెండుకు ఒకటి అనుకుంటే డిగ్రీ దాకా తేడా వస్తుంది, సర్దుకోవాలి. మిగిలిన మూడూ వీటికి అద్దంలో నీడలే కాబట్టి సగం లెక్క చెయ్యక్కర్లేదనిపిస్తుంది.

కానీ ఈ కట్టడాన్ని అద్దంలో తిప్పడానికి వీల్లేదు. ప్రతి రెక్కకూ ఒక పక్క వరండా, రెండో పక్క గదుల వీపు. ఒక రెక్క వరండా ఎదురుగా పక్క రెక్క వీపు ఉండాలి, ఖైదీకి ఖైదీ మొహం కనపడకూడదు. అద్దంలో నీడలా కడితే నాలుగో రెక్క, ఐదో రెక్క ఎదురెదురు వరండాలవుతాయి. ఆ ఒక్క పెరట్లో మూడంతస్తుల మనుషులూ ఒకరికొకరు కనపడతారు. అందుకే ఏడు వరండాలూ గాలిపంకా రెక్కల్లా ఒకే వైపు తిరగాలి. ఈ సంగతి గైడ్లు ఎన్నోసార్లు చెప్పగా విన్నాను. నిఘా గోపురం చుట్టూ దీన్ని ఒకడు కాగితం మీద స్కేలు పెట్టి గీశాడని మాత్రం, వరండా ఏ వైపు పెట్టాలో నేను తేల్చుకోవలసి వచ్చినప్పుడే తట్టింది. రంప తిరుగుబాటులో పట్టుబడ్డ మన్యం మనుషుల్ని కూడా అండమాన్‌కే పంపారు. పక్క గదిలో ఉన్నది తమ ఊరివాడో కాదో వాళ్ళకెలా తెలిసేదో.

ఇలాంటి పిచ్చి నా ఒక్కడిదే కాదు. టోల్కీన్ కల్పించిన లోకాన్నంతా కడతామని 2010లో కొందరు మొదలుపెట్టారు. 2020 మార్చిలో ఇంకొందరు భూగోళాన్నే అసలు కొలతల్లో కడదామని కూర్చున్నారు. కర్ట్ జె. మాక్ అనే అమెరికన్‌దైతే ఇంకో దారి. 2011లో బయల్దేరి, కోటీ పాతిక లక్షల దిమ్మల అవతల ఉన్న లోకం అంచు వైపు ఏళ్ళ తరబడి నడిచాడు. కొత్త వెర్షన్లలో ఆ అంచే లేదు కాబట్టి పాత వెర్షన్ వదల్లేదు. నాకు అందరికంటే అతనే నచ్చుతాడు. మాకు 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున ఇంటర్నెట్ కేబుల్ వచ్చేదాకా కొత్త వెర్షన్ అంటే ఓడ దిగే చుట్టాల జేబులో పెన్‌డ్రైవే. పాతదాంతో సర్దుకోవడం దీవుల్లో ఉన్నవాళ్ళకు అలవాటే.

మా వీధిలో శ్రీకాకుళం మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. ఓ సాయంత్రం వచ్చి తెర ముందు కూర్చుని, నోట్లో మాట లేకుండా చాలాసేపు చూశాడు. "పునాది తియ్యకుండా గోడ లేపేశారేటండీ?" అన్నాడు చివరికి. ఈ ఆటలో ఇటుక గాల్లో కూడా నిలబడుతుందని చెప్పాను. ఆయనకు నచ్చలేదు. ఆట అడక్కపోయినా ఇప్పుడు ప్రతి రెక్క కింద రెండు వరసలు పునాది వేస్తున్నాను. దానికీ బంకమట్టి తవ్వాల్సిందే.

పోయిన నాలుగు రెక్కల్లో రెండు జపాన్ వాళ్ళ ఆక్రమణ కాలంలో పోయాయి, రెండు స్వాతంత్ర్యం వచ్చాక. ఆ ఆవరణలోనే 1963లో జి.బి. పంత్ ఆసుపత్రి వచ్చింది. 1906 నాటి జైలు కట్టాలంటే నా తెర మీద ఆసుపత్రి ఉండకూడదు. మా ఆవిడ టీ గ్లాసు బల్ల మీద పెడుతూ తెరకేసి చూసి, "మన పెద్దాడు పుట్టిన వార్డు ఎక్కడండీ?" అంది. కొత్త గోడ మీద వేలు పెట్టి చూపించాను. "అయితే వాణ్ణి ఎక్కడ కన్నానంటారు?" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.