పద్మ పనితనం

ఏ డీటీపీ షాపు నుంచైనా పాత పెళ్లిపత్రిక ఫైలు తెచ్చుకుని మన కంప్యూటర్‌లో తెరిస్తే, తరచుగా తెలుగు కనిపించదు. ఇంగ్లీషు అక్షరాలు, డిగ్రీ గుర్తులు, కొటేషన్లు కలగాపులగంగా ఉంటాయి. ఇరవై ఏళ్ల కిందట తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు కూడా చాలామందికి ఇలాగే కనిపించేవి. ఈనాడు వంటి పత్రికలు సొంత ఫాంట్లు వాడేవి. విండోస్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆ ఫాంటును దానంతటదే దించుకునేది. లినక్స్‌లో ఫైర్‌ఫాక్స్ తెరిచినవారికి గజిబిజే మిగిలేది. ఆ అడ్డు తొలగించడానికి నాగార్జున వెన్న రాసిన ఫైర్‌ఫాక్స్ జోడింపు ‘పద్మ’.

యూనికోడ్ ఫైలు ఇలా కనిపిస్తే వైద్యం తేలిక. యూటీఎఫ్-8లో ‘క’ అంటే మూడు బైట్లు. వాటిని విండోస్ పాత పద్ధతిలో చదివితే నెత్తిన గీతతో ఇంగ్లీషు ‘ఏ’, డిగ్రీ గుర్తు, నల్ల చుక్క వస్తాయి. చదివే పద్ధతి మార్చగానే ‘క’ తిరిగొస్తుంది. సొంత ఫాంటుతో చేసిన ఫైలులో మాత్రం అసలు ‘క’కు సంకేతమే లేదు. ఇంగ్లీషు అక్షరాల గడుల్లో తెలుగు ఆకారాల ముక్కలు కూర్చుని ఉంటాయి. పైగా ఆ గడులూ అన్నిచోట్లా ఒకటి కావు: 145 అనే బైటు విండోస్‌లో కొటేషన్ గుర్తు, పాత మాక్‌లో రెండు చుక్కలున్న ఇంగ్లీషు ‘ఈ’, లాటిన్-1లో కంటికి కనిపించని ఆజ్ఞ.

ఇక్కడే పద్మ తెలివి బయటపడుతుంది. ‘ఈ గుర్తుకు ఆ అక్షరం’ అని పట్టిక రాసి ఊరుకుంటే పని జరగదు. తలకట్టునే చూడండి. ఫాంటులో అది విడి ముక్క. యూనికోడ్ ‘క’లో అది ముందే కలిసి ఉంది, కాబట్టి పద్మ దాన్ని అనవసరమైనదిగా గుర్తించి వదిలేస్తుంది. క్రావడిని కొన్ని ఫాంట్లు హల్లుకంటే ముందే రాస్తాయి, ఎడమవైపు నుంచి చుట్టుకొస్తుంది గనక. పద్మ దాన్ని చేతిలో పట్టుకుని ఆగి, హల్లు వచ్చాక దాని వెనక చేరుస్తుంది. ‘వ’లాంటి ముక్కకు తోక తగిలితే ‘మ’ అయ్యే ఫాంట్లున్నాయి. అందుకే తర్వాతి గుర్తు చూడకుండా ఇది ‘వ’ అని తీర్పు చెప్పదు. రెండు ముక్కలుగా వచ్చే గుణింతాలను కలిపి ఒకటి చేస్తుంది. చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించిన పంతులుగారికి ఉండే ఎరుక ఈ ప్రోగ్రాముకు ఉంది: తెలుగు రాత ఎలా పేరుకుంటుందో దానికి తెలుసు.

నాకు అంతకంటే గొప్పగా అనిపించేది దాని అమరిక. ప్రతి ఫాంటునూ నేరుగా యూనికోడ్‌కు ముడిపెట్టలేదు. మధ్యలో పద్మ సొంత సంకేతం ఒకటుంది. ఫాంటు ఏదైనా ముందు దానిలోకి మారుతుంది, అక్కడి నుంచి కావలసిన రూపంలోకి వెళుతుంది. అందువల్ల కొత్త ఫాంటు వస్తే దాని వివరాలు ఒక ఫైలులో చేరిస్తే చాలు, మిగతా యంత్రాంగాన్ని కదపనక్కర్లేదు. తమిళం, మలయాళం, గుజరాతీ, బెంగాలీ కూడా ఈ చూరు కిందికే వచ్చాయి. కోడ్ అందరికీ తెరిచి ఉంచడంతో వీవెన్ చేసిన తెలుగు టైపింగు పరికరం ‘లేఖిని’కీ అదే ఆధారమైంది.

2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పద్మ వంటి పాత పద్ధతి జోడింపులను ఆపేసింది. పత్రికలు యూనికోడ్‌కు మారాయి. కానీ డీటీపీ ఫైళ్లలో ఉన్న పుస్తకాలు, సావనీర్లు, సంఘాల రికార్డులు అలాగే ఉన్నాయి. మీ దగ్గర అలాంటివి ఉంటే యూనికోడ్‌లోకి మార్పించండి, మారినదాన్ని అసలుతో పోల్చి చదవండి, అసలు ఫైలు పారేయకండి. దాని పక్కనే వాడిన ఫాంటు పేరు, వెర్షను రాసిపెట్టండి.